ఫ్లెక్సీ వెనకవైపు

'రేపటి గురువు' ఉపకార వేతన పథకం మంచిది. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తరవాత చెప్పే సందర్భం దొరకకపోవచ్చు. టీచర్లు కావాలనుకునే పేదింటి పిల్లలకు ఫీజు, హాస్టలు, పుస్తకాలు అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. వంకంతా ఉత్తర్వు చివర, సంతకానికి కాస్త పైన ఇరికించిన ఒక్క వాక్యంలో ఉంది: "ఈ పథకపు ప్రయోజనాలను లబ్ధిదారుల ద్వారానే ప్రజలకు విస్తృతముగా తెలియజేయవలెను."

ఆ వాక్యం రాసిన మహానుభావుడెవరో నాకు తెలియదు. భోజనానికి లేచే తొందరలో రాసి ఉంటాడు. దాని వల్ల మా బీఈడీ కాలేజీలో ఏం జరిగిందో ఆయనకు తెలియాలని నా కోరిక.

మాది రాయలసీమలో ఒక మోస్తరు పట్నం. నేను కాలేజీలో లెక్కలు ఎలా బోధించాలో బోధిస్తాను. పథకం రాగానే మా ప్రిన్సిపాల్ జలజాక్షి మేడమ్ దాని బాధ్యత నాకు అప్పగించారు. అందుకు నాకున్న అర్హత ఆ రోజు నేను సెలవులో ఉండటం. మా కాలేజీలో కొత్త బాధ్యతలన్నీ సెలవులో ఉన్నవాళ్ళకే వెళతాయి. వాళ్ళు అడ్డు చెప్పరు.

మా కాలేజీ నుంచి మొదట ఎంపికైన అమ్మాయి శివగంగ. వాళ్ళ నాన్న ఎర్రిస్వామి కాలిపోయిన బోరు మోటార్లకు మళ్ళీ రాగితీగ చుట్టి బతికిస్తాడు. వాళ్ళ ఊరి హైస్కూల్లో చాలా ఏళ్ళుగా లెక్కల టీచరు లేడట. డ్రిల్లు మాస్టారే లెక్కలు కూడా చెప్పేవాడట, మైదానంలో పిల్లల్ని పరిగెత్తించినట్టే లెక్కల్నీ పరిగెత్తించేవాడట. శివగంగ మాత్రం ఆ పరుగులో ఎలాగో లెక్కలు నేర్చుకుంది. అదే ఊళ్ళో లెక్కల టీచరు కావాలన్నది ఆ పిల్ల కోరిక. అంతకు మించి ఏ కోరికా లేనట్టే ఉండేది, అందుకే నాకు ముచ్చటేసేది.

అంతా సవ్యంగా సాగుతూండగా జిల్లా ప్రయోజనాల సమన్వయాధికారి విరూపాక్షయ్య గారు వచ్చారు. ఆ పదవి పథకంతో పాటే పుట్టింది. పథకం వల్ల మొట్టమొదట ప్రయోజనం పొందింది ఆయనే అని చెప్పాలి, కానీ ఆయన ఎప్పుడూ ఆ సంగతి సభాముఖంగా చెప్పలేదు. మనిషి నిండుగా ఉంటాడు. మాట్లాడితే గెజిట్ చదివినట్టే ఉంటుంది.

"మీ కళాశాలయందు ప్రయోజనము సంతృప్తికర స్థాయిలో కనబడుట లేదు" అన్నారు కూర్చుంటూనే.

శివగంగను పిలిపించాను. పథకం వల్ల పొందిన ప్రయోజనాన్ని వివరించమన్నారు ఆయన.

"ఫీజు కట్టినారు సార్. హాస్టల్లో అన్నం పెడ్తాండారు. చదువుకుంటాండాను" అంది.

ఆయన ఇంకా వస్తుందేమోనని ఎదురుచూశారు. రాలేదు. అమ్మాయిని పంపేసి నాతో విచారంగా చెప్పారు, ప్రయోజనం జరిగింది గానీ అది ఇంకా వ్యక్తీకరణ దశకు చేరలేదని. వినేవాళ్ళ కంట నీరు తిరగాలట. పథకానికి ముందు చీకటి, పథకం తరవాత వెలుగు ఉండాలట. ఈ పిల్ల మాటల్లో చీకటి బొత్తిగా చాల్లేదని ఆయన అభిప్రాయం.

చీకటి కోసం ఆయన ఆఫీసులో ఒక నమూనా ప్రసంగం తయారైంది. అందులో లబ్ధిదారు చిన్నప్పుడు మేకలు కాస్తుంది. మేకల వెనక తిరుగుతూ బడి వైపు ఆశగా చూస్తుంది. ఇంతలో పథకం వస్తుంది. ప్రసంగం బాగానే ఉంది. శివగంగ వాళ్ళింట్లో మేకలు లేకపోవడం ఒక్కటే ఇబ్బంది.

ఆ ఇబ్బందిని ఆఫీసే తీర్చింది. చిన్న వీడియో తీయడానికి జీపులో వాళ్ళ ఊరెళ్ళాం. పక్కవీధి నుంచి రెండు మేకల్ని తెప్పించి, ఒకదాని తాడు ఎర్రిస్వామి చేతికిచ్చారు. ఆయన మోటారు గ్రీజు చేతుల్తో ఆ తాడు పట్టుకుని చాలాసేపు దానికేసి చూశాడు.

"నా బిడ్డ మేకలెప్పుడు కాసింది సార్?" అన్నాడు. "నేను వైండింగు చేసేవాణ్ణి. అది చెప్పుకుంటే మీకేమన్నా నామోషీనా?"

మోటార్లంటే ఇంట్లో కరెంటుంది, వ్యాపారముంది అనిపిస్తుందని, చీకటి దెబ్బతింటుందని విరూపాక్షయ్య గారు ఓపిగ్గా నచ్చజెప్పారు. ఎర్రిస్వామికి కోపమొచ్చింది. కానీ కూతురు చదువు ఈ పెద్దమనుషుల చేతిలో ఉంది, అందుకని తాడు వదల్లేదు. ఈలోపు రెండో మేక అధికారిగారి కోసం తెచ్చిన పూలగుచ్ఛాన్ని పూర్తిగా తినేసింది. మొత్తం కార్యక్రమంలో నిజంగా ప్రయోజనం పొందింది ఆ మేకేనని నాకనిపించింది.

వీడియో బాగా వచ్చింది. దాంతో శివగంగకు కష్టాలు మొదలయ్యాయి.

జిల్లాలో ఎక్కడ సభ జరిగినా 'రేపటి గురువు' లబ్ధిదారు కావాలన్నారు. మొదట్లో పథకం సభలు, తరవాత వేరే పథకాల సభలు, ఆ తరవాత రోడ్డు ప్రారంభోత్సవాలు, నీళ్ళ ట్యాంకు శంకుస్థాపనలు. పొద్దున క్లాసు మొదలయ్యే వేళకు జీపు వచ్చి శివగంగను ఎక్కించుకుపోయేది. వెళ్ళి మేకల ప్రసంగం చెప్పి, శాలువా కప్పించుకుని, పొద్దుపోయాక వచ్చేది. హాస్టలు గదిలో శాలువాలు పేరుకుపోయాయి. పిల్లలు వాటిని కిటికీలకు పరదాలుగా కట్టారు. కొన్నాళ్ళకు మిగతా లబ్ధిదారుల్ని కూడా తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. నేను బోధనా పద్ధతుల క్లాసుకు వెళితే, పద్ధతులు నేర్చుకోవలసిన వాళ్ళంతా ఆ పద్ధతులు నేర్చుకోవడం వల్ల ప్రయోజనమేమిటో చెప్పడానికి వెళ్ళి ఉండేవారు.

ఒకనాడు ప్రిన్సిపాల్ గారు శివగంగకు రెండు కాగితాలు ఇచ్చారు. ఒకటి ఆమెను మర్నాటి సభకు పంపుతూ ఇచ్చిన ఆదేశం. రెండోది క్లాసులకు ఎందుకు రావడం లేదో సంజాయిషీ అడుగుతూ ఇచ్చిన నోటీసు. రెండిటి మీదా మేడమ్ సంతకమే.

నేను అడిగితే జలజాక్షి మేడమ్ నొచ్చుకున్నారు. "మొదటిది ప్రభుత్వం తరఫున పెట్టాను, రెండోది యూనివర్సిటీ తరఫున. నేనెవరికి అన్యాయం చెయ్యగలను చెప్పండి" అన్నారు.

నిజానికి క్లాసుల హాజరు సంగతి ఎలాగో సర్దేవాళ్ళం. అసలు ముప్పు టీచింగ్ ప్రాక్టీసులో ఉంది. బీఈడీ చదివే ప్రతివాళ్ళూ నిజమైన బడికి వెళ్ళి, నిజమైన పిల్లలకు ఇన్ని పాఠాలని చెప్పాలి. పక్కన పర్యవేక్షకుడు కూర్చుని చూసి సంతకం పెట్టాలి. శివగంగకు పర్యవేక్షకుణ్ణి నేనే. ఆమె ఒక్క పాఠమూ చెప్పలేదు. ఆ గడువు నెలాఖరుతో ముగుస్తుంది. పాఠాలు పూర్తికాకపోతే బీఈడీ తప్పినట్టే. చాలా ఏళ్ళ తరవాత ఆ ఏడే డీఎస్సీ ప్రకటన వచ్చింది. వాళ్ళ ఊరి హైస్కూలు లెక్కల పోస్టు కూడా అందులో ఉంది. బీఈడీ లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. మళ్ళీ ఆ ప్రకటన ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఈ సంగతంతా విరూపాక్షయ్య గారికి విన్నవించుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"మీరు దీనిని ప్రతికూల దృక్పథముతో చూచుచున్నారు" అన్నారు. "అమ్మాయి ఉత్తీర్ణురాలై ఉద్యోగములో చేరినచో ఏమగును? పథకమునకు ఒక లబ్ధిదారు తగ్గిపోవును. తప్పినచో మరొక సంవత్సరము లబ్ధిదారుగా కొనసాగును. ఇట్టి వక్త మనకు మరల లభించదు. ప్రయోజనము నిరంతరాయముగా ఉండవలెనన్నదే ప్రభుత్వ ఆశయము."

ఆలోచిస్తే ఆయన మాటలో తప్పు దొరకలేదు. రేపటి గురువు ఎప్పటికీ రేపటి గురువుగానే ఉంటే పథకం అంత దిగ్విజయంగా మరోలా సాగదు. ఆ సాయంత్రం శివగంగకు ఈ మాట చెప్పాను. మామూలుగా తొణకని పిల్ల, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకీ శాలువలు ఎందుకు సార్? నేను పాఠాలు చెప్పల్ల" అంది.

నేను యూనివర్సిటీ నిబంధనల పుస్తకం తీసి ఆమె ముందు పెట్టాను. పెద్దవాళ్ళం ఏమీ చెయ్యలేనప్పుడు చేసేది అదే కదా.

ఆ నెలలోనే పథకం వార్షిక ఉత్సవాలు వచ్చాయి. ఇక ప్రతి మండలంలోనూ సభే. సభ అంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. కుర్చీలు నిండుగా కనపడాలి కాబట్టి చుట్టుపక్కల బడులు మూసేసి పిల్లల్ని బస్సుల్లో తెచ్చి కూర్చోబెడతారు. ముఖ్య అతిథి మధ్యాహ్నం దాటితే గానీ రారు. రోడ్డువైపు నిలువెత్తు స్వాగత ఫ్లెక్సీ కడతారు, అతిథి కారు దిగగానే తన ముఖం తనకు కనపడాలని. లోపల కూర్చున్న పిల్లలకు కనపడేది దాని వెనకవైపు, ఉత్త తెలుపు. ఆ పిల్లలు ఎండలో ఆ తెల్లటి గుడ్డకేసి చూస్తూ, నీళ్ళ ప్యాకెట్లు నములుతూ గంటలకొద్దీ కూర్చుంటారు.

మొదటి సభలో నేనూ శివగంగా ఓ మూల కుర్చీల్లో ఉన్నాం. అతిథిగారు బయల్దేరారన్న కబురు మూడోసారి వచ్చింది. శివగంగ నా వైపు తిరిగింది.

"సార్, పిల్లోళ్ళు ఈడే ఉండారు. మీరూ ఈడే ఉండారు. నిబంధనల్లో బడి కట్టడం ఉండల్లని యాడా రాయలేదు, నేను రెండుసార్లు చదివినాను" అంది.

నేను పుస్తకం తీశాను. నిజమైన విద్యార్థులు ఉండవలెను. పర్యవేక్షకుని సమక్షము ఉండవలెను. నల్లబల్ల గాని, తత్సమానమైన ఉపరితలము గాని ఉండవలెను. అంతే ఉంది. తలెత్తి ఫ్లెక్సీ వెనకవైపు చూశాను. మా కాలేజీ నల్లబల్ల కంటే అది నాలుగింతలు పెద్దది.

శివగంగ లేచి పులిహోర వండుతున్న పొయ్యి దగ్గరికి వెళ్ళి చల్లారిన బొగ్గు ముక్కలు అడిగి తెచ్చుకుంది. ఫ్లెక్సీ మీద పెద్ద గుండ్రని రొట్టె గీసింది. పిల్లలు నీళ్ళ ప్యాకెట్లు నమలడం ఆపారు.

అలా మొదలైంది. అతిథులు ఎంత ఆలస్యంగా వస్తే అన్ని పాఠాలు. ఒక సభలో త్రిభుజాలయ్యాయి, మరో సభలో దశాంశాలు. వచ్చిన అతిథి ప్రసంగం మొదలుపెట్టేలోపు శివగంగ తడిగుడ్డతో బోర్డు తుడిచేసి, శాలువా కప్పుకుని వేదికెక్కి మేకల సంగతి చెప్పేది. ఒకరిద్దరు అతిథులు ఒట్టి మూడు గంటలే ఆలస్యంగా వచ్చారు. అప్పుడు మాకు బాగా చిరాకేసింది. విరూపాక్షయ్య గారు ఎప్పుడూ రోడ్డు మీద, కారు వచ్చే దిక్కుకేసి చూస్తూ ఉండేవారు కాబట్టి, సభలో ఏం జరుగుతోందో ఆయనకు తెలిసే వీలు లేకపోయింది.

చివరి పాఠం జిల్లా సభలో పడింది. దానికి మంత్రిగారు ముఖ్య అతిథి. పాఠం భిన్నాల కూడిక. సగానికి మూడోవంతు కలిపితే ఎంత అన్నది లెక్క. పిల్లలు చాలామంది పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడి రెండు బై అయిదు అన్నారు. శివగంగ ఆ జవాబును ఫ్లెక్సీ మీద అలాగే రాసి, ఇది సరైనదో కాదో ఆలోచించండని వదిలేసింది. పందిరంతా ఆలోచిస్తోంది. అన్ని వందలమంది పిల్లలు ఒకేసారి ఆలోచిస్తే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో నేను అప్పుడే చూశాను.

సరిగ్గా అప్పుడు మంత్రిగారు వచ్చారు. గంట ముందే వచ్చేశారు, అంటే అనుకున్న ఆలస్యం కంటే. కారు దిగి, ఫ్లెక్సీ మీద తన ముఖాన్ని తృప్తిగా చూసుకుని, దాని పక్కనుంచి పందిట్లోకి వచ్చి పిల్లలకెదురుగా చేతులు జోడించి నిలబడ్డారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. అందరి చూపూ ఆయన భుజం మీదుగా వెనక్కి పోతోంది. ఆయన జోడించిన చేతులు అలాగే ఉన్నాయి.

మూడో వరసలో మాబున్నీ అనే ఆరో తరగతి పిల్ల లేచింది. "సార్, రవ్వంత పక్కకు జరగండి సార్. బోర్డు కనపడల్యా."

విరూపాక్షయ్య గారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మంత్రిగారు మాత్రం జరిగారు. ఆ మాట వింటే ఎవరైనా జరుగుతారేమో, చిన్నప్పటి అలవాటు. జరిగి, వెనక్కి తిరిగి బోర్డు చూశారు. ఏది చూపించినా అభిప్రాయం చెప్పడం ఆయనకు పదవి నేర్పిన అలవాటు. అందుకని బోర్డు మీదున్నదాన్నే గట్టిగా చదివి, "రెండు బై అయిదు. కరెక్టే" అన్నారు.

"అద్భుతముగా సెలవిచ్చినారు" అని విరూపాక్షయ్య గారు చప్పట్లు కొట్టారు. వెంటనే అధికారులంతా కొట్టారు. పిల్లలు కొట్టలేదు.

శివగంగ పాఠం మధ్యలో ఉంది. పాఠం మధ్యలో ఉన్న టీచరుకు ఎదురుగా ఎవరున్నారో పట్టదు. "సార్ అట్లనుకున్నారు. శానామంది అట్లనే అనుకుంటారు, తప్పేమీ లేదు" అంది. "యాడ పొరపాటు పడిందో ఎవరు చెప్తారు?"

పందిరినిండా చేతులు లేచాయి. మాబున్నీ అప్పటికే నిలబడి ఉంది కాబట్టి అవకాశం దానికే దక్కింది.

"సగం రొట్టె ముందే ఉండాది సార్" అంది మంత్రిగారితో. "దానికి ఇంకా మూడోవంతు కలిపినాం. రెండు బై అయిదంటే సగం కన్నా తక్కువ కదా సార్. కలిపినాక తక్కువెట్లయితాది? మధ్యలో ఎవరో తినేసుండల్ల."

మంత్రిగారు మెల్లగా తల తిప్పి విరూపాక్షయ్య గారి వైపు చూశారు. ఎందుకు చూశారో నాకు తెలియదు. విరూపాక్షయ్య గారు నేలచూపులు చూశారు.

తరవాత మంత్రిగారు ముందు వరసలో ఒక పిల్లాడి పక్కన ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. ఆయన కూర్చున్నారు కాబట్టి అధికారులూ కూర్చున్నారు. శివగంగ రొట్టెను ఆరు ముక్కలు చేసి, సగమంటే మూడు ముక్కలని, మూడోవంతంటే రెండని చూపించింది. అయిదు బై ఆరు అని పిల్లలంతా ఒక్క గొంతుతో అన్నారు. అందులో ఒక బొంగురు గొంతు కూడా కలిసింది. నేను ఆఖరి పాఠం కింద సంతకం పెట్టాను.

ఆ తరవాత సభ. పథకం ప్రయోజనాలు చెప్పమని శివగంగను వేదిక మీదికి పిలిచారు. ఆమె మైకు ముందు నిలబడి, "ఫీజు కట్టినారు. హాస్టల్లో అన్నం పెట్టినారు. మా నాయన మోటార్లకు వైండింగు చేస్తాడు. నేను చదువుకున్నాను" అని దిగిపోయింది. మేకల్లేవు. ఎర్రిస్వామి పందిరి చివర నిలబడి విన్నాడు. సభ అయ్యాక, తన వైండింగు షెడ్డు మీద కప్పుకోవడానికని ఆ ఫ్లెక్సీని అడిగి మడతపెట్టి తీసుకెళ్ళాడు.

వారం తిరగకుండా నాకు మెమో వచ్చింది. 'ముఖ్య అతిథి నిరీక్షణ సమయమునందు సభికులైన విద్యార్థులకు ముందస్తు అనుమతి లేకుండా విద్యాబోధన జరిపించుట' నా నేరం. ఫ్లెక్సీ తత్సమానమైన ఉపరితలమేనని నేను జవాబిచ్చాను. ఉపరితలం మీద నిపుణుల కమిటీ వేశారు, అది ఇంకా పరిశీలిస్తోంది. ఇలాంటిది మళ్ళీ జరగకుండా శాఖ గట్టి చర్య కూడా తీసుకుంది. పిల్లల్ని సభలకు తేవడం మానేశారనో, అతిథులు వేళకు వస్తున్నారనో అనుకుంటే మీది అమాయకత్వం. ఇకమీదట స్వాగత ఫ్లెక్సీలను రెండువైపులా ముద్రించవలెనని సర్క్యులర్ ఇచ్చారు.

శివగంగ బీఈడీ పాసైంది, డీఎస్సీలో గెలిచింది, కోరుకున్న ఊరే వచ్చింది. జిల్లా నివేదికలో ఆమెను 'నష్టపోయిన లబ్ధిదారు' కింద చూపించారని విన్నాను.

ఈమధ్య ఆ బడికి వెళ్ళాను. క్లాసు జరుగుతోంది. నల్లబల్ల నెర్రెలిచ్చి పోయిందట, కొత్తది కావాలని రాశారట, వస్తుందట. ఈలోపు శివగంగ దాని మీద ఒక తెల్లటి ఫ్లెక్సీ కట్టుకుంది. వాళ్ళ నాన్న షెడ్డు మీదిదే. బొగ్గు గీతలు, మీద మీద తుడిచిన మరకలు, అన్నీ గుర్తుపట్టాను. మంత్రిగారి నవ్వు ఇంకా అటువైపు ఉందో లేదో చూద్దామని బుద్ధి పుట్టి, దగ్గరికెళ్ళి అంచు కొంచెం ఎత్తి తొంగిచూశాను. ఉంది, గోడకేసి నవ్వుతోంది.

"సార్, బోర్డు కనపడల్యా" అంది వెనకనుంచి ఒక గొంతు.

నేను పక్కకు జరిగాను.